పదిహేనేళ్లకే ప్రొఫెషనల్ అయిన అల్ఫాన్సో డేవిస్, తొలి లీగ్ గోల్ కోసం ఎన్నాళ్లు ఆగాడు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి హైదరాబాద్‌లో పుట్టాడు, ఐదేళ్లప్పుడు మీతో కెనడా వచ్చాడు, ఇప్పుడు పన్నెండు నిండాయి, క్లబ్ ఫుట్‌బాల్ జట్టులో బాగా ఆడుతున్నాడు. కెనడా ఫుట్‌బాలర్ అల్ఫాన్సో డేవిస్ కూడా వేరే దేశంలో పుట్టి ఐదేళ్లకే ఇక్కడికొచ్చాడు, పదిహేనేళ్లకు ప్రొఫెషనల్ అయ్యాడు, అంటే మాకు ఇంకా మూడేళ్లే ఉందా అని అడిగారు. బయటి దేశంలో పుట్టడం ఎక్కడైనా అడ్డొస్తుందా అన్నారు. చివర్లో, ఎవరో ఏజెంట్ ఈ వేసవికి స్పెయిన్‌లో ట్రయల్స్ ఉన్నాయి, డబ్బు కట్టండి అంటున్నాడని రాశారు. చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్తాను: కట్టకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను కాల్గరీలో పదహారేళ్లుగా పిల్లల జట్లకు కోచింగ్ ఇస్తున్నాను. డేవిస్‌తో నాకు పరిచయం లేదు. కానీ అతను పెరిగిన ఎడ్మంటన్ మాకు మూడు గంటల ప్రయాణం. అతను ఎక్కడ మొదలుపెట్టాడు, ఏ మెట్టు మీద ఎంతకాలం ఉన్నాడు అన్నది ఈ రాష్ట్రంలో పిల్లలకు ఆట నేర్పేవాళ్లం శ్రద్ధగా చూసినదే.

మీరు పదిహేను అనే అంకె దగ్గర ఆగిపోయారు. దాని పక్కనే ఉండాల్సిన ఇంకొన్ని అంకెలు చెప్తాను. 2016 జులై 16న వాంకూవర్ వైట్‌క్యాప్స్ తరఫున, ఒర్లాండో సిటీ మీద, డేవిస్ అమెరికా, కెనడా క్లబ్బులు ఆడే పెద్ద లీగ్ మేజర్ లీగ్ సాకర్‌లో మొదటిసారి మైదానంలోకి దిగాడు. వయసు 15 ఏళ్ల 8 నెలలు. ఆ లీగ్‌లో అంతకంటే చిన్న వయసులో ఆడింది అప్పటికి ఒక్క ఫ్రెడ్డీ అడూయే. ఆ ఏడాది డేవిస్ లీగ్‌లో 8 మ్యాచ్‌లు ఆడాడు, గోల్ లేదు. 2017లో 26 మ్యాచ్‌లు ఆడాడు, అప్పుడూ లేదు. లీగ్‌లో అతని మొదటి గోల్ 2018 మార్చి 4న, మాంట్రియల్ మీద వచ్చింది. అంటే దాదాపు ఇరవై నెలలు. ఆ సీజన్ పూర్తయ్యేసరికి 31 మ్యాచ్‌లలో 8 గోల్స్, 11 అసిస్ట్‌లు (తోటివాళ్ల గోల్‌కు దారితీసిన పాస్‌లు).

ఆ ఇరవై నెలల్లో ఎవరూ అతణ్ని పక్కన పెట్టలేదు. వీడు మనం అనుకున్నంతవాడు కాదేమో అనలేదు. అప్పటి కోచ్ కార్ల్ రాబిన్సన్ అతణ్ని ఎక్కువగా చివరి అరగంటకు, ఇరవై నిమిషాలకు దింపుతూ వచ్చాడు. బంతి పోగొట్టుకున్నా మళ్లీ దింపాడు. పదిహేనేళ్లకు దిగిన సంగతి కంటే ఆ తర్వాత దొరికిన ఆ ఓపికే అతణ్ని నిలబెట్టిందని నా నమ్మకం.

ఇక మొదటి నుంచి వస్తాను. డేవిస్ తల్లిదండ్రులది లైబీరియా, మన్రోవియా నగరం. అక్కడి రెండో అంతర్యుద్ధంలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఘనాకు పారిపోయారు. అక్రాకు పడమటి దిక్కున నలభై కిలోమీటర్ల దూరంలో బుడుబురమ్ శరణార్థి శిబిరం ఉంది. 2000 నవంబర్ 2న డేవిస్ అక్కడే పుట్టాడు. 2005లో కెనడా ఆ కుటుంబాన్ని తీసుకుంది. ముందు ఒంటారియోలో విండ్సర్, తర్వాత ఆల్బర్టాలో ఎడ్మంటన్. తల్లి, తండ్రి ఇద్దరూ పనికి వెళ్తే, ఇంట్లో ఉన్న చెల్లినీ తమ్ముణ్నీ చూసుకునే బాధ్యత ఇతని మీద పడేది. తినిపించడం, డైపర్లు మార్చడం కూడా.

అలాంటి ఇంట్లో పిల్లవాడికి ఆట ఎలా దొరికింది? మీకు ఇది కాస్త ఎక్కువ వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్వ్యూల్లో ఇది రెండు వాక్యాల్లో దాటిపోతుంది. ఇక్కడ క్లబ్ ఫుట్‌బాల్ ఖర్చు మీకు తెలుసు. ఫీజు, కిట్, టోర్నమెంట్లకు ప్రయాణాలు, చలికాలంలో డోమ్‌లో, అంటే పైకప్పున్న మైదానంలో, ఆడటానికి మళ్లీ వేరే. దానికి మించి ఒక కారు, దాన్ని సాయంత్రం ఆరింటికి నడపగలిగిన మనిషి ఉండాలి. ఎడ్మంటన్‌లో టిమ్ ఆడమ్స్ అనే ఆయన పేద పేటల బడి పిల్లల కోసం ఫ్రీ ఫుటీ అని ఒక లీగ్ మొదలుపెట్టారు. ఫీజు లేదు. బూట్లు, సామాను వాళ్లే ఇస్తారు. బడి అయ్యాక మైదానానికి తీసుకెళ్లేదీ వాళ్లే. డేవిస్ చదివిన మదర్ థెరిసా బడి పిల్లలు అందులో ఆడేవాళ్లు. అతను జట్టుగా ఆడటం మొదలుపెట్టింది అక్కడే.

ఆ రవాణా అన్న మాట ఎంత పెద్దదో నాకు ఒక ఫిబ్రవరి రాత్రి తెలిసింది. బయట మైనస్ ఇరవై ఐదు. ప్రాక్టీస్ అయి, డోమ్ లైట్లు సగం ఆర్పేశారు. ఎంట్రన్స్ దగ్గర బెంచీ మీద మా జట్టు పిల్లవాడొకడు కూర్చుని ఉన్నాడు. బూట్లు కిరాణా కొట్టు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ కుటుంబం ఈ దేశానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎవరొస్తారు నీకోసం అని అడిగితే, బస్సు కోచ్ అన్నాడు. బస్సుకు ఇంకా నలభై నిమిషాలుంది, మధ్యలో ఒకటి మారాలి. తండ్రికి నైట్ షిఫ్ట్. తర్వాత రెండు వారాలు వాడు రాలేదు. ఆటలో ఆసక్తి లేదేమో అని మా అసిస్టెంట్ కోచ్ అంటే, నాకు ఆ సంచి గుర్తొచ్చింది. మిగతా తల్లిదండ్రులకు ఫోన్లు చేసి వంతులు వేసుకున్నాం. మూడో వారం నుంచి ఒక్క ప్రాక్టీస్ కూడా మానలేదు. మీకు కారు ఉంది కాబట్టి ఇది పట్టింపు లేకపోవచ్చు. కానీ మీ అబ్బాయి జట్టులో అలాంటి పిల్లలు ఉంటారు, వీలైతే ఒకణ్ని మీ కారెక్కించుకోండి.

డేవిస్ విషయంలో తర్వాతి మెట్టు ఎడ్మంటన్ స్ట్రైకర్స్ క్లబ్. అక్కడి కోచ్ నిక్ హూసే ఆ కుటుంబానికి పెద్దదిక్కులా నిలిచాడు, తర్వాత ఏజెంట్ కూడా అయ్యాడు. 2015లో, పద్నాలుగేళ్లకు, వైట్‌క్యాప్స్ రెసిడెన్సీ అకాడమీ నుంచి పిలుపు వచ్చింది. ఎడ్మంటన్ నుంచి వాంకూవర్‌కు రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్ల పైమాట, మధ్యలో రాకీ పర్వతాలు. యుద్ధంలోంచి బిడ్డను బతికించి తెచ్చుకున్న తల్లి, పద్నాలుగేళ్లవాణ్ని అంత దూరం ఒంటరిగా పంపడానికి వెనకాడింది. ఆ వెనకాడటం నాకు పూర్తిగా అర్థమవుతుంది.

అక్కడికి వెళ్లగానే పెద్ద జట్టులో వేయలేదు. 2016 ఫిబ్రవరిలో రెండో జట్టుతో కాంట్రాక్ట్, అదీ కింది లీగ్‌లో. మేలో ఆ జట్టుకు మొదటి గోల్. జూన్ 1న కెనడియన్ ఛాంపియన్‌షిప్‌లో ఒట్టావా ఫ్యూరీ మీద మొదటి జట్టులో అవకాశం. జులైలో లీగ్. సెప్టెంబర్‌లో ఉత్తర, మధ్య అమెరికా, కరేబియన్ క్లబ్బుల పోటీ కాంకకాఫ్ ఛాంపియన్స్ లీగ్‌లో స్పోర్టింగ్ కాన్సాస్ సిటీ మీద గోల్. అంటే కప్ పోటీల్లో గోల్స్ పడుతున్నాయి, లీగ్‌లో పడటం లేదు.

ఇక 2017 వేసవి. మీ ప్రశ్నలో పుట్టుక సంగతికి జవాబు ఇక్కడుంది. జూన్ 6న డేవిస్‌కు కెనడా పౌరసత్వం వచ్చింది. ప్రమాణం చేసిన రోజే జాతీయ జట్టు పిలుపు అందింది. వారం తిరక్కుండా జూన్ 13న మాంట్రియల్‌లో కురసావ్ మీద ఆడాడు. పదహారేళ్ల ఏడు నెలలు, కెనడా పురుషుల జట్టుకు అంత చిన్నవాడు అంతకుముందు ఎవరూ ఆడలేదు. జులై 7న అదే ప్రాంతపు దేశాల జట్ల పోటీ గోల్డ్ కప్‌లో ఫ్రెంచ్ గయానా మీద రెండు గోల్స్ కొట్టాడు. తర్వాత కోస్టారికా మీద ఒకటి. మూడు గోల్స్‌తో టోర్నమెంట్ టాప్ స్కోరర్, ఉత్తమ యువ ఆటగాడు కూడా అతనే.

మళ్లీ పై లెక్క ఒకసారి చూడండి. ఖండం మొత్తానికి టాప్ స్కోరర్ అయిన అదే ఏడాది, తన క్లబ్‌కి 26 లీగ్ మ్యాచ్‌లలో ఒక్క గోల్ లేదు. పదహారేళ్ల పిల్లవాడి ఆట అలాగే ఉంటుంది. ఒక నెల ఆకాశంలో, ఒక నెల నేల మీద. మీ అబ్బాయి మూడు మ్యాచ్‌లు వరసగా బాగా ఆడాడనో, ఆడలేదనో పెద్ద నిర్ణయాలు తీసుకోకండి.

ఇప్పుడు ఫ్రెడ్డీ అడూ గురించి. అతనూ ఘనాలోనే పుట్టాడు, తేమాలో, 1989లో. గ్రీన్ కార్డ్ లాటరీ తగిలి 1997లో కుటుంబం అమెరికాలో మేరీలాండ్ చేరింది. తల్లి రెండేసి ఉద్యోగాలు చేస్తూ పెంచింది. పదేళ్లప్పుడే ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్ అడిగితే ఆమె వద్దంది. కానీ 2003 నవంబర్‌లో, పద్నాలుగేళ్లకు, మేజర్ లీగ్ సాకర్‌తో ఒప్పందం కుదిరింది. జీతం ఏడాదికి 5 లక్షల డాలర్లు, మొత్తం లీగ్‌లో అందరికంటే ఎక్కువ. నైకీతో మరో పది లక్షల డాలర్ల ఒప్పందం. సాక్షాత్తూ పెలేతో కలిసి కూల్‌డ్రింక్ ప్రకటన. 2004 ఏప్రిల్ 3న డీసీ యునైటెడ్‌కు దిగాడు, వయసు 14 ఏళ్ల 306 రోజులు. ఏప్రిల్ 17కే మొదటి గోల్. ఆ సీజన్‌లో 30 మ్యాచ్‌లు, 5 గోల్స్, లీగ్ కప్ కూడా గెలిచారు.

డేవిస్‌కు ఇరవై నెలలు పట్టినది అడూకు రెండు వారాల్లో దొరికింది. ఆ రోజు ఎవరిని అడిగినా ఈ ఇద్దరిలో ముందుకెళ్లేది అడూయే అనేవాళ్లు. 2007లో పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికాకు వెళ్లాడు, అక్కడ నిలదొక్కుకోలేదు. ఫ్రాన్స్, గ్రీస్, తుర్కియే క్లబ్బులకు అప్పుగా పంపుతూ పోయారు. అమెరికా జట్టుకు 17 మ్యాచ్‌ల దగ్గరే ఆగిపోయాడు. అతనిలో ప్రతిభ లేదని నేను అనను, నేను చూసిన కుర్రాళ్లలో బంతి మీద అంత పట్టు ఉన్నవాళ్లు అరుదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు తప్పులు చేస్తూ నేర్చుకోవాల్సిన సమయంలో, ఒక దేశం ఫుట్‌బాల్‌ను మోయమని భుజాన పెట్టారు. టికెట్లు అమ్మడానికీ అతనే, టీవీకీ అతనే. ఓడిన రోజున దాక్కునే చోటు అతనికి లేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అతని రికార్డును 2024లో ఫిలడెల్ఫియా కుర్రాడు కావన్ సల్లివన్ కొద్ది రోజుల తేడాతో దాటాడు. ఆ అబ్బాయికి ఓపిక దొరకాలని మనసారా కోరుకుంటున్నాను.

మనవాళ్లలోనూ చూశాను. నా దగ్గర పదకొండేళ్ల వరకు ఆడిన ఒక తెలుగు పిల్లవాణ్ని తల్లిదండ్రులు వేరే క్లబ్‌లో చేర్చారు. పదమూడేళ్లకే పదిహేనేళ్లవాళ్ల జట్టులో ఆడించారు, వారాంతంలో రెండు జట్లకు. మోకాలి చిప్ప కింద నొప్పి అంటే ఎదిగే వయసులో మామూలే అన్నారు. నొప్పి మామూలే, కానీ దానికి విశ్రాంతి ఇవ్వాలి. పిల్లవాడు టీమ్‌లో చోటు పోతుందనే టెన్షన్‌తో చెప్పడం మానేశాడు. పదిహేనేళ్లకు బూట్లు విప్పేశాడు. ఆ తండ్రి నన్ను గుడిలో కలిసినప్పుడు, మేం తొందరపడ్డామండీ అన్నారు. ఆయనకు నేనేమీ చెప్పలేకపోయాను.

డేవిస్ కథలో ఆపాల్సిన చోట నిబంధనే ఆపింది. 2018 జులై 25న జర్మనీ క్లబ్ బయెర్న్ మ్యూనిక్ అతణ్ని కొనుక్కుంది. బోనస్‌లన్నీ కలిపితే 2.2 కోట్ల డాలర్ల దాకా వెళ్లే ఒప్పందం, అప్పటికి ఆ లీగ్‌లో రికార్డు. కానీ నవంబర్ 2న పద్దెనిమిది నిండేదాకా జర్మనీ వెళ్లడానికి వీల్లేదు. అందుకని సీజన్ చివరి దాకా వాంకూవర్‌లోనే ఆడాడు. అక్టోబర్ 28న పోర్ట్‌లాండ్ మీద సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్, 2-1 గెలుపు, రెండు గోల్సూ అతనివే. 2019 జనవరి 27న స్టుట్‌గార్ట్ మీద బయెర్న్‌కు మొదటి మ్యాచ్. ఆ సీజన్ మిగతా సగంలో జర్మన్ లీగ్‌లో 6 మ్యాచ్‌లు మాత్రమే దొరికాయి. మధ్యమధ్య బయెర్న్ రెండో జట్టుకూ ఆడాడు. పెద్ద డబ్బు పెట్టి కొన్న కుర్రాణ్ని కింది లీగ్‌కు పంపడం అవమానం అని మన ఇళ్లలో అనుకుంటాం. అతను వెళ్లాడు, ఆడాడు.

2019 అక్టోబర్‌లో బయెర్న్ డిఫెండర్లు సూలే, లూకాస్ హెర్నాండెజ్ వారం లోపల ఇద్దరూ గాయపడ్డారు. ఎడమ వైపు ఆడే డిఫెండర్ అలాబాను మధ్యకు జరిపి, వింగర్‌గా, అంటే అంచు వెంట దాడి చేసేవాడిగా, ఎదిగిన డేవిస్‌ను ఆ ఎడమ డిఫెండర్ చోట్లో, లెఫ్ట్ బ్యాక్‌లో వేశారు. అవసరానికి పెట్టిన చోటే అతని చోటైంది. 2020 ఆగస్టులో బార్సిలోనాను 8-2తో ఓడించిన మ్యాచ్‌లో ఎడమ అంచు వెంట బార్సిలోనా డిఫెండర్ సెమెడోను దాటుకుంటూ గోల్ లైన్ దాకా వెళ్లి తోటి ఆటగాడు కిమ్మిష్‌కు ఇచ్చిన ఆ పాస్ మీ అబ్బాయికి చూపించండి. పది రోజులు తిరగకముందే యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, పంతొమ్మిదేళ్లకు. మీ అబ్బాయిని ఫార్వర్డ్ నుంచి వెనక్కి వేశారని మీరు బాధపడుతూ రాశారు కదా, అందుకే ఇది గుర్తు చేశాను. పన్నెండేళ్లకు నాలుగు చోట్ల ఆడటం మంచిదే.

ఇక స్పెయిన్. ఫిఫా బదిలీ నిబంధనల్లో 19వ ఆర్టికల్ ప్రకారం, పద్దెనిమిది నిండనివాణ్ని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కు మార్చడం కుదరదు. కొన్ని మినహాయింపులున్నాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారితే, సరిహద్దుకు 50 కిలోమీటర్ల లోపల ఉంటే, యూరోపియన్ యూనియన్ లోపలి బదిలీ అయి పిల్లవాడికి పదహారు దాటితే. మీకు ఏదీ వర్తించదు. ఈ నిబంధన దాటినందుకే 2014లో బార్సిలోనా అంతటి క్లబ్‌కు రెండు విండోల (ఆటగాళ్లను తీసుకునే గడువుల) బదిలీ నిషేధం పడింది. ఆ దెబ్బకు అక్కడి అకాడమీలో ఉన్న జపాన్ పిల్లవాడు టకెఫుసా కుబో 2015లో ఇంటికి తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పద్దెనిమిది నిండాక 2019లో రియల్ మాడ్రిడ్ ద్వారా మళ్లీ స్పెయిన్ చేరాడు. మీ ఏజెంట్ చెప్పే ట్రయల్‌లో మీ అబ్బాయి అద్భుతంగా ఆడినా, ఆ క్లబ్ అతణ్ని రిజిస్టర్ చేసుకోలేదు. సెలవులకు స్పెయిన్ చూసొస్తామంటే సరే, కెరీర్ కోసమైతే ఆ డబ్బు దాచండి.

కెనడాలో మాత్రం పుట్టుక అడ్డు రాదు. ఇదే ఆర్టికల్ పిల్లవాణ్ని మొదటిసారి రిజిస్టర్ చేసేటప్పుడు కూడా పౌరసత్వం చూస్తుంది. కానీ ఐదేళ్లుగా అదే దేశంలో నివసిస్తున్నవాడికి మినహాయింపు ఉంది. మీరు వచ్చి ఏడేళ్లయింది. బడి రికార్డులు, ఇంటి అద్దె కాగితాలు, పీఆర్ కార్డులు ఒకచోట పెట్టుకోండి. సిటిజన్‌షిప్ ఇంకా తీసుకోకపోతే దాన్ని వాయిదా వేయకండి. జాతీయ జట్టు కావాలంటే పాస్‌పోర్ట్ తప్పనిసరి. ఒకటి మాత్రం ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. కెనడా పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డుతో భారత జట్టుకు ఆడనివ్వరు. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకున్నాకే 2013లో మన జట్టుకు ఆడగలిగాడు.

మీ అబ్బాయి మోకాళ్లు, మడమల్లో నొప్పి ఏమైనా చెప్తున్నాడా, వారానికి ఎన్ని గంటలు ఆడుతున్నాడు, ఇప్పుడున్న కోచ్ అతణ్ని మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడిస్తున్నాడు, ఈ మూడూ రాయండి. ఈ సీజన్‌లో క్లబ్ మారాలా వద్దా అన్నది అవి చూశాక చెప్తాను.